జేమ్స్ పాండ్ కేసు

ఆ తాటిమట్టలు ఇంకో రెండు పడెయ్యరా మంటలో. మోకాళ్ళు పట్టేస్తున్నాయి.

ఏంటీ, డిటెక్టివు సినిమాలా? మాకు డిటెక్టివంటే యుగంధరే. కొమ్మూరి సాంబశివరావు గారి పుస్తకం బందరులో అద్దెకి తెచ్చుకుని, లెక్కల పుస్తకంలో దాచి చదివేవాళ్ళం. అసిస్టెంటు రాజు ఎవర్ని అనుమానిస్తే మేమూ వాణ్ణే అనుమానించేవాళ్ళం. తీరా చూస్తే యుగంధర్ అసలువాణ్ణి ఎప్పుడో పట్టేసుండేవాడు.

ఆ యావతోనే 1986లో జంధ్యాల ‘చంటబ్బాయి’ సినిమాకి గుడివాడ పోయాం. ‘ఖైదీ’ వచ్చి మూడేళ్ళు. హాల్లో కుర్రాళ్ళంతా చిరంజీవి ఫైటింగుల కోసం వచ్చినవాళ్ళే. ఇక్కడేమో హీరో పేరు పాండురంగారావు, జేమ్స్ పాండ్ అని చెప్పుకు తిరుగుతాడు. విశాఖలో డిటెక్టివు ఉద్యోగం. ఓ పాటలో చార్లీ చాప్లిన్ వేషం కూడా కట్టాడు. ఇంటర్వెల్లో సోడా తాగుతూ ఒకడు “ఇదేం సినిమారా బాబూ” అని తల పట్టుకున్నాడు.

అదే సినిమా మా దివిలో టూరింగు టాకీసుకొచ్చేసరికి ప్రింటు నిండా గీతలే. నేల టిక్కెట్టు వాళ్ళం ఇసుక పోగేసుకుని, దానిమీద ఎత్తుగా కూర్చునేవాళ్ళం; వెనకాలవాడు తిడితే మళ్ళీ చదును చేసేవాళ్ళం. ఉన్నది ఒక్క మిషనే, రీలు మార్చేటప్పుడల్లా లైట్లేసేవారు. ఆ సందులో ఆడవాళ్ళు శ్రీలక్ష్మిని అనుకరిస్తూ ఒకటే నవ్వులు. సినిమాలో కవిత్వాలతో, వంటలతో ఓ పత్రిక ఎడిటరు ప్రాణం తోడేసిందిగా!

అపరాధ పరిశోధన అంటావా, అందులో అది తక్కువే. యుగంధర్ చూస్తే పాండుని గుమ్మం ఎక్కనిచ్చేవాడు కాదు. అంతకుముందు ఏడాది వంశీ ‘అన్వేషణ’ తీశాడు చూడు, అదీ మిస్టరీ అంటే! అడవి, పులి భయం, పైన ఇళయరాజా. ఇంటికొచ్చి దొడ్లోకి వెళ్ళాలన్నా లాంతరు కావాల్సొచ్చింది నాకు. కానీ హంతకుడెవడో తెలిశాక రెండోసారి ఆ దడ రాలేదు. జంధ్యాల సినిమా అలా కాదు. ముడి ఎప్పుడో మర్చిపోయాను, నవ్వు మాత్రం ఇప్పటికీ వస్తుంది. మనుషుల్నే చూపించాడాయన, ఆధారాలు ఎవడిక్కావాలి?

చంటబ్బాయి ఎవరా? నేను చెప్పను, చూసి తెలుసుకో. మీ నాయనమ్మ ఆ సినిమాకి మూలమైన మల్లాది నవల ముందే చదివేసింది. ఆ రోజు గుడివాడలో సగం సినిమా కాకముందే పక్కావిడకి మొత్తం చెప్పేసింది. ఆవిడ మళ్ళీ మాతో మాట్లాడితే ఒట్టు.