చెయ్యి చాపేది ఎవరు? మన పచ్చబొట్ల చరిత్ర, మా తమ్ముని నిర్ణయం

ఈసారి పోస్టు కొంచెం పొడుగు. అన్నం తిని నిదానంగా చదవండి.

ఈ ఏడు మే నెలలో తిరుపతి గంగమ్మ జాతరకు మా ఇంటోళ్లంతా ఊరి నుంచి వచ్చినారు. మేం హాస్టల్ నుంచి పోయి కలిసినాం. ఆ జనంలో మా చిన్నాయన కొడుకు తప్పిపోయినాడు. వానికి పందొమ్మిదేండ్లు. ఆటిజం ఉండాది. ఇంట్లో అయితే నాలుగు మాటలు మాట్లాడతాడు. కొత్తోళ్లు గట్టిగా అడిగితే పేరు కూడా నోటికి రాదు. మూడు గంటలు వెతికినాం. కడాకు ఒక టీ అంగడి వెనక రెండు చెవులూ మూసుకుని కూర్చోనుంటే దొరికినాడు. డప్పుల మోత తట్టుకోలేక అక్కడికి పోయినాడన్నమాట.

మర్నాడు ఇంట్లో పంచాయితీ. మా చిన్నమ్మ ఏడుస్తా, "వాని చేతి మీద వాళ్ల నాయన ఫోన్ నంబరు పచ్చ పొడిపించేద్దాం. ఎక్కడ తప్పిపోయినా ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు" అనింది. అందరూ సరే అన్నారు. నిజం చెప్పాలంటే మేమూ సరే అన్నాం. వాడు ఆ మూలనే కూర్చోని విన్నాడు. మెల్లగా కుడి చెయ్యి వెనక్కి తీసి చొక్కా లోపల దాచిపెట్టుకున్నాడు.

అది చూసింది మా అవ్వ ఒక్కతే. "చెయ్యి చాపనోనికి పొడవగూడదు. మా అమ్మ నేర్పించిన మొదటి మాట అది" అనింది. మాకు అప్పుడు సిగ్గేసింది. ఆ మాట పట్టుకుని లైబ్రరీలో కొంత, అవ్వ కాడ కొంత తెలుసుకున్నది ఈ పోస్టు.

మన చేతి పని

ఈ గ్రూపులో యానాదులు, సుగాలీలు, ఎరుకలోళ్లు అందరం ఉండాం. మేం ఎరుకల ఇంటి పిల్లలం, అందుకే మా ఇంటి సంగతితో మొదలుపెడతాం. ఎరుకలోళ్లంటే బుట్టలు అల్లేది, పందులు మేపేది, ఎరుక చెప్పేది అని అందరికీ తెలుసు. పచ్చబొట్లు పొడిచే పని కూడా మన ఆడవాళ్లదే అని మనలో ఎంతమందికి తెలుసు?

1909లో ఎడ్గార్ థర్‌స్టన్ అనే తెల్లదొర, కె. రంగాచారి సాయంతో దక్షిణ భారతదేశపు కులాలు, తెగల మీద ఏడు సంపుటాల పుస్తకం అచ్చేసినాడు. అందులో "పచ్చై కుత్తి" అని ఒక పేరు ఉంది. ఊరూరు తిరిగి పచ్చ పొడిచే కొరవల వృత్తి పేరు అది. కొరవ అంటే అరవం పక్క మనవాళ్లను పిలిచే పేరు. అప్పటికి చిత్తూరు జిల్లా పుట్టనే లేదు. చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండె. రెండు భాషలు కలిసిన నేల కాబట్టి మన అవ్వలు రెండు పక్కలా తిరిగినారు.

మా అవ్వ వాళ్లమ్మ ఈ పనే చేసేది. ఆముదం దీపం మీద సట్టి బోర్లించి మసి పట్టేది. దాన్ని ఆకుపసరుతోనో, చంటిబిడ్డ తల్లి పాలతోనో నూరేది. మూడు నాలుగు సూదులు దారంతో కట్టి, చర్మం బిగబట్టి పొడిచేది. నొప్పి మరపించడానికి పాట పాడేది, లేకపోతే ఎరుక చెప్పేది. చివర్న పసుపు అద్దేది. మసి నల్లగా ఉంటుంది గానీ చర్మం లోపలికి పోయినాక పచ్చగా, నీలంగా కనబడుతుంది. అందుకే అది పచ్చబొట్టు. కూలి కింద రాగులు, జొన్నలు, పాత చీర ఇచ్చేవాళ్లంట. ఇంటి గడప తొక్కనియ్యని వాళ్లు కూడా అరుగు మీద కూర్చోని మా ముత్తవ్వ చేతికి చెయ్యి ఇచ్చేవాళ్లంట. ఆ మాట చెప్పేటప్పుడు మా అవ్వ నవ్వింది.

బంగారం, వెండి ఊడబెరుక్కుంటారు, చచ్చినా వెంట వచ్చేది పచ్చబొట్టే అని పెద్దోళ్లు అంటారు గదా. తేలు, ముగ్గు, తులసికోట, చుక్కలు, పుట్టింటోళ్ల పేరు... చదువు రాని ఆడవాళ్లు వాళ్ల కతను చేతి మీద రాయించుకున్నారు.

ఇంతవరకు గొప్పగా ఉంది. కానీ అవ్వను ఇంకో మాట అడిగినాం: "నీ గడ్డం మీద మూడు చుక్కలు నువ్వే అడిగి పెట్టించుకున్నావా?"

"నన్నెవరు అడిగినారు? ఏడేండ్లప్పుడు ఇద్దరు పట్టుకుంటే మా యమ్మే పొడిచింది. ఈ ముంజేతి మీద తేలు మాత్రం నాది. పెండ్లయినాక బుట్టలమ్మిన దుడ్లతో నేనే పొడిపించుకున్నా" అనింది.

అంటే, చెయ్యి చాపనోళ్లకు పొడవగూడదు అని నేర్పించిన తల్లే సొంత కూతురి చెయ్యి అడగలేదు. మన ఆచారం ఎప్పుడూ మనిషిని అడిగే చేసింది అని రాస్తే అబద్ధం అవుతుంది. ఒకే ఒంటి మీద రెండు రకాల గుర్తులూ ఉండాయి.

సర్కారు పొడిచిన పచ్చ

ఇంకో రకం గుర్తు కూడా ఉండె. 1797లో కంపెనీ సర్కారు బెంగాల్‌లో ఒక రెగ్యులేషన్ తెచ్చింది. యావజ్జీవ శిక్ష పడిన ఖైదీల నుదుటి మీద వాళ్ల పేరు, నేరం, శిక్ష తేదీ, కోర్టు పేరు పచ్చ పొడిపించాల. 1802లో ఇది మద్రాసు రాజ్యానికి, అంటే మన పక్కకు కూడా వచ్చింది. ఖైదీ పారిపోయినా ఎవరైనా మొహం చూసి పట్టుకోవాల, అదీ వాళ్ల లెక్క. తలపాగా కిందికి లాగి నుదురు దాచుకుని బతికినోళ్లు ఉండారు. 1849లో ఈ శిక్ష రద్దు చేసినారు. మన ఆడవాళ్లు అందానికి, నమ్మకానికి వాడిన సూదినే సర్కారు అవమానానికి వాడుకుంది.

సూది పోయినాక సిరా వచ్చింది. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టినారు. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మార్చి మద్రాసు రాజ్యానికి కూడా తెచ్చినారు. చిత్తూరు జిల్లా పుట్టింది కూడా ఆ ఏడే, 1911 ఏప్రిల్ 1న. ఆ చట్టం కింద ఎరుకలోళ్లను, కొందరు యానాదులను "పుట్టుకతో నేరస్థులు" లెక్కన రిజిస్టర్లలో రాసినారు. వేలిముద్రలు తీసుకున్నారు. హాజరు వేయించుకోకుండా, చెప్పకుండా ఊరు దాటకూడదు. బాపట్ల దగ్గర స్టువార్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో కుటుంబాలకు కుటుంబాలను పెట్టినారు. దేశమంతా ఆ చట్టం పోయింది 1952 ఆగస్టు 31న. మనవాళ్లు విముక్త దినంగా చేసుకునేది ఆ రోజే.

ఒక్కసారి ఆలోచించండి. మన ముత్తవ్వలు ఊరోళ్ల చేతుల మీద పూలు, చుక్కలు పొడుస్తా ఉన్న కాలంలోనే, అదే చేతుల వేళ్లకు స్టేషన్లో సిరా పూసినారు.

మా చిన్నమ్మ సర్కారు కాదు. ఆమెది భయం, ప్రేమ. ఆమెను ఆ దొరలతో పోల్చడం లేదు. కానీ ఫోన్ నంబరు గుర్తు కూడా ఇతరులు వాన్ని పట్టుకోవడానికి వేసేదే. వాని ఇష్టం అందులో ఎక్కడుంది? పైగా మా చిన్నాయన ఐదేండ్లలో మూడు నంబర్లు మార్చినాడు.

ఆటిజం, చర్మం, సూది

ఆటిజం అంటే పిచ్చి కాదు, దయ్యం కాదు, తల్లి పెంపకం తప్పు కాదు. 1943లో లియో కానర్ అనే డాక్టరు దీన్ని వివరంగా రాసినాడు. మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో ఇదొకటి. పుట్టుక నుంచే మెదడు పని చేసే తీరు వేరేగా ఉంటుంది. శబ్దం, వెలుతురు, వాసన, తాకిడి చాలామందికి మనకంటే ఎక్కువగానో తక్కువగానో తెలుస్తాయి.

టెంపుల్ గ్రాండిన్ అని అమెరికాలో పేరున్న శాస్త్రవేత్త, ఆమెకూ ఆటిజం ఉండాది. ఎవరైనా కావలించుకుంటే తట్టుకోలేక, ఒంటిని గట్టిగా ఒత్తిపట్టే యంత్రం ఒకటి తానే చేసుకునింది. ఎంత ఒత్తాల, ఎప్పుడు ఆపాల అనేది ఆమె చేతిలోనే ఉంటుంది. మా తమ్మునిది కూడా అట్లనే. జాతరలో బండ వేషం కుంకుమ పూయబోతే పరిగెత్తినాడు. బైరాగి వేషం తెల్లసుద్ద పూస్తే, అది ఆరి చర్మం బిగుసుకుంటే, సంతోషంగా చేతులు చూసుకుంటా ఉండె.

కాబట్టి "ఆటిజం ఉన్నోళ్లు టాటూ తట్టుకోలేరు" అనే మాటా తప్పే, "వాళ్లకు నొప్పి తెలీదు" అనే మాటా తప్పే. ఒకరికి సూది ఒకే తీరుగా పడతా ఉంటే హాయిగా ఉంటుంది. ఇంకొకరికి సూది కంటే మిషన్ గుయ్‌మనే మోత, గ్లవ్స్ వాసన, తడి గుడ్డతో మాటిమాటికి తుడవడం నరకం. పొడిచినాక రెండు మూడు వారాలు దురద పెడుతుంది. గీరుకుంటే చెడిపోతుంది, చీము పడుతుంది. ఇవన్నీ ముందే తెలిస్తేనే అది నిర్ణయం. సగం చెప్పి ఒప్పిస్తే అది మోసం.

బొమ్మ విషయంలో కూడా ఒక సంగతి. ఆటిజానికి గుర్తుగా పజిల్ ముక్క బొమ్మ 1963లో ఇంగ్లండులో వచ్చింది. ఆటిజం ఉన్నోళ్లు చాలామంది దాన్ని ఒప్పుకోరు. మేమేం తప్పిపోయిన ముక్కలం కాదు అంటారు. దాని బదులు అంతులేని గీత, అంటే పడుకోబెట్టిన ఎనిమిది లాంటి గుర్తు వాడతారు. వాళ్ల గుర్తు ఏదో వాళ్లే ఎంచుకుంటా ఉండారు. మనకు ఇది బాగా అర్థం కావాల, మన పేరు పక్కన "నేరస్థులు" అని రాసింది కూడా పైవాళ్లే గదా.

మేం వాన్ని ఎట్ల అడిగినాం

వానికి ఒక్కసారే అడిగితే జవాబు రాదు. అందుకే నెలన్నర పట్టింది. మొదట ఫోన్లో బొమ్మలు చూపించినాం: సూది, రక్తం చుక్క, వాపు, మానిన చెయ్యి. తర్వాత "అవును" ఒకటి, "వద్దు" ఒకటి రెండు అట్టముక్కలు చేసి వాని జేబులో పెట్టినాం. తిరుపతిలో ఒక టాటూ అంగడికి పొద్దున్నే, జనం లేనప్పుడు పిలుచుకుని పోయినాం. లోపలికి పోలేదు. బయట నిలబడి మిషన్ మోత విన్నాడు. ఐదు నిమిషాల తర్వాత "వద్దు" అట్ట చూపించినాడు, ఇంటికి వచ్చేసినాం. పై వారం వాడే ఆ వీధి పక్కకు మా చెయ్యి పట్టుకుని లాగినాడు.

బాల్ పెన్నుతో చేతి మీద ఫోన్ నంబరు రాసినాం. అరగంటలో సబ్బేసి తోముకున్నాడు. ఇంకో రోజు రాసినాం, మళ్లీ కడిగేసినాడు. అప్పుడు అవ్వ వాని ఎదురుగా కూర్చోని వాని ముంజేతి మీద తన తేలు లాంటి తేలు గీసింది. నాలుగు రోజులు వాడు ఆ చెయ్యి తడవనియ్యలేదు. రంగు పోయినాక పెన్ను తెచ్చి అవ్వ ముందర పెట్టి, చెయ్యి చాపినాడు.

నంబరు సంగతి వేరే దారిలో తేల్చినాం. చేతికి కడియం వేస్తే వాడు ఓర్చుకోడు. అందుకే చొక్కా జేబుల లోపల గుడ్డ ముక్క మీద నంబరు కుట్టినాం. దానికి "అవును" అట్ట చూపించినాడు. నంబరు మారితే విప్పి ఇంకోటి కుట్టుకోవచ్చు.

నిజం పచ్చ పొడిపించుకుంటావా అంటే, క్యాలెండర్ తెచ్చి సంక్రాంతి మీద వేలు పెట్టినాడు. వాయిదా కూడా నిర్ణయమే. అప్పుడు మళ్లీ అడుగుతాం. వద్దంటే వద్దు.

2016 చట్టం 13వ సెక్షన్ ప్రకారం వైకల్యం ఉన్నోళ్లకు చట్టం ముందర అందరితో సమానమైన గుర్తింపు ఉండాది. గార్డియన్ ఉన్నా, ఇద్దరూ ఒకర్నొకరు నమ్మి, అర్థం చేసుకుని కలిసి నిర్ణయం తీసుకోవాలనే 14వ సెక్షన్ చెప్తుంది. మా అవ్వ ఆ చట్టం చదవలేదు.

మనకు పనికొచ్చే నాలుగు మాటలు

1. ఆటిజం ఉన్నా లేకపోయినా, పచ్చబొట్టు గురించి ముందు పెన్నుతోనో, మామూలు గోరింటాకుతోనో చూసుకోండి. అంగళ్లలో అమ్మే నల్ల మెహందీ వద్దు, బొబ్బలొస్తాయి.

2. జాతరల్లో ఒకే సూదితో అందరికీ పొడిచే వాళ్ల దగ్గర కూర్చోవద్దు. హెపటైటిస్ బి, హెచ్‌ఐవీ సూది ద్వారా వస్తాయి. కొత్త సూది మీ కళ్ల ముందర విప్పాల.

3. మధ్యలో ఆపాలంటే ఏం గుర్తు చూపించాలో ముందే మాట్లాడుకోండి. మాటలు రానోళ్లకు చెయ్యెత్తడం చాలు. ఎత్తితే ఆపాల్సిందే.

4. ఆర్మీకి రాసే తమ్ముళ్లు జాగ్రత్త. ముంజేతి లోపలి పక్క, అరచేతి వెనక మాత్రమే టాటూ ఒప్పుకుంటారు. ఆచారం ప్రకారం పచ్చబొట్లు ఉండే గిరిజనులకు సడలింపు ఉంది గానీ నోటిఫికేషన్ పూర్తిగా చదువుకోండి.

చివరి మాట. మన గ్రూపులో కొందరు అవ్వల పచ్చబొట్లను చూసి మోటు అంటారు. ఇంకొందరు మన సంస్కృతి కోసం అందరం పొడిపించుకోవాల అంటారు. అరుణాచల్‌లో ఆపతానీ ఆడవాళ్ల మొహం మీద పచ్చబొట్లు, ముక్కు బిళ్లలు ఉండేవి. 1970ల్లో ఆ తెగ యువకుల సంఘమే వాటిని ఆపించింది. పొడవమన్నది పెద్దలు, వద్దన్నది పిల్లలు. ఆ చర్మం ఎవరిదో వాళ్లను అడిగినారో లేదో? మనమూ యువకుల సంఘమే, మనకూ ఈ ప్రశ్న ఉండాది.

ఈసారి ఇంటికి పోయినప్పుడు మీ అవ్వ పక్కన కూర్చోని, ఆమె ఒంటి మీద ఏ గుర్తు అడిగి పొడిచినారు, ఏది అడక్కుండా పొడిచినారు అని కనుక్కోండి. ఆమె చెప్పినట్లే ఇక్కడ రాయండి. యానాది అక్కలు, సుగాలీ చెల్లెళ్లు కూడా రాయాల. సంక్రాంతి తర్వాత మా తమ్ముడు ఏ అట్ట చూపించినాడో మేమూ రాస్తాం.