శవం అడిగే ప్రశ్న

2012 ఏప్రిల్ 24న అమెరికాలోని టెల్‌టేల్ గేమ్స్ 'ది వాకింగ్ డెడ్' ఆట మొదటి భాగాన్ని విడుదల చేసింది. ఏటా ఏప్రిల్ చివరి వారం వచ్చేసరికి ఆ ఆటను ప్రేమించినవాళ్ళు క్లెమెంటైన్ అనే ఎనిమిదేళ్ళ పిల్లను తలుచుకుంటారు. జాంబీ ఆటంటే తుపాకీ మోతలు, నెత్తుటి మరకలు అనుకునే రోజుల్లో ఈ ఆట మనిషిని కూర్చోబెట్టి ప్రశ్నలు వేసింది. ఎవరిని కాపాడతావు? ఎవరికి పెడతావు? నిజం చెబుతావా, దాస్తావా?

తెలుగువాళ్ళకు ఇందులో పాత పరిచయం ఒకటి కనిపిస్తుంది. విక్రమార్కుడు భుజాన వేసుకుని నడిచింది శవాన్నే. దారి పొడుగునా అది కథ చెబుతుంది, చివర చిక్కుప్రశ్న వేస్తుంది. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. చెబితే మౌనం చెడి శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. ఏ దారి పట్టినా మూల్యం తప్పదు. 11వ శతాబ్దంలో కశ్మీర కవి సోమదేవుడు ఈ బేతాళ కథలను కథాసరిత్సాగరంలో చేర్చాడు. 15వ శతాబ్దంలో కొరవి గోపరాజు విక్రమార్కుడి సింహాసనం చుట్టూ అల్లిన కథలను తెలుగు కావ్యం చేశాడు. అక్కడి నుంచి ఒక్క గెంతు వేస్తే 1947 జూలైలో పుట్టిన చందమామ. పాత బేతాళ కథలు అయిపోయినా ఆ పత్రిక ఆగలేదు. కొత్త ప్రశ్నలతో కొత్త కథలు రాయించుకుంటూ దశాబ్దాలు నడిపింది. చేతిలో కత్తి, భుజాన శవం, చుట్టూ శ్మశానం ఉన్న శంకర్ బొమ్మను చూసి భయపడుతూనే పేజీ తిప్పిన పిల్లలు రాయలసీమ పల్లెపల్లెలోనూ ఉన్నారు. కథ చివర ప్రశ్న దగ్గర ఆగి, కింది పేరా చూడకుండా సొంత జవాబు వెతుక్కోవడం వాళ్ళు ఆడుకున్న ఆట.

ఇవన్నీ ఆటలు, కథలు. నిజంగా ప్రాణాలు దక్కించుకోవాల్సిన పరిస్థితి ఎలా ఉంటుందో గుర్రంకొండకు తెలుసు. మదనపల్లె దగ్గరి ఈ కొండకోట చాలామంది చేతులు మారి, హైదర్ అలీ, టిప్పు సుల్తానుల ఏలుబడిలోకి వచ్చింది. మూడో మైసూరు యుద్ధంలో, 1791లో, నిజాం సేన దాన్ని చుట్టుముట్టింది. కెప్టెన్ రీడ్ ఇంగ్లిషు ఫిరంగులతో తోడొచ్చాడు. నవంబరులో దిగువ కోట పడిపోయింది. ఎగువ కోట లొంగలేదు. దాన్ని దిగ్బంధంలో ఉంచే పని నిజాం సర్దారు హాఫిజ్ ఫరీదుద్దీన్‌కు అప్పజెప్పారు. డిసెంబరులో టిప్పు పెద్ద కొడుకు ఫతే హైదర్ ఎవరూ ఊహించని వేళ వచ్చిపడ్డాడు. హాఫిజ్ ప్రాణాలు పోయాయి, పైనున్న దండుకు సాయం అందింది. యుద్ధం ముగిసేదాకా ఎగువ కోట నిలిచింది. 1792 శ్రీరంగపట్నం సంధితో గుర్రంకొండ నిజాంకు, 1800లో దత్తమండలాలతో పాటు ఈస్టిండియా కంపెనీకి పోయింది.

చరిత్ర పుస్తకాలు సర్దార్ల పేర్లు రాసి ఊరుకుంటాయి. కింద శత్రువు, పైన బండ, చేతిలో ఉన్నంతే తిండి అయినప్పుడు ఎవరి వంతు ఎంత అన్న లెక్క ప్రతి ముట్టడిలోనూ ఎవరో ఒకరు చూసే ఉంటారు. ఆ మనిషి స్థానంలో ఆటగాణ్ణి నిలబెట్టడమే టెల్‌టేల్ చేసిన పెద్ద పని.

అంతకుముందు జాంబీ ఆటల దారి వేరు. 1968లో జార్జ్ రొమేరో తీసిన 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' సినిమాతో నడిచే శవాలకు ఇప్పటి రూపం వచ్చింది. 1996లో జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ 'రెసిడెంట్ ఈవిల్' తెచ్చింది. అందులో తూటాలు లెక్కపెట్టుకోవాలి. వాకింగ్ డెడ్‌లో లెక్కపెట్టుకోవాల్సింది మనుషుల్ని.

ఆట రెండో భాగం మొదట్లోనే ఒక సన్నివేశం ఉంది. మొత్తం ఆటలో దానికి సాటి వచ్చేది మరొకటి లేదు. లోకం తలకిందులై మూడు నెలలైంది. రోడ్డు పక్క లాడ్జి ఒకటి, చుట్టూ కట్టుకున్న దడి, లోపల పదిమంది. ఇన్నాళ్ళూ తిండి పంచిన లిల్లీ విసిగిపోయి, ఈ రోజు నువ్వే పంచు, తెలుస్తుంది అంటుంది. ఆటగాడు నడిపే లీ చేతిలో నాలుగే నాలుగు ముక్కలు. అతను ఆవరణలో అటూ ఇటూ నడవాలి, ఒక్కొక్కరి ముఖం చూడాలి. పిల్లలిద్దరికీ పెడితే మిగిలేవి రెండు. గోడ కడుతున్నవాడికి పెట్టాలా? మొదటి నుంచీ లీని తిట్టిపోస్తున్న ముసలి లారీకి పెట్టాలా? పెట్టినవాళ్ళు థాంక్స్ చెబుతారు. పెట్టనివాళ్ళు చూస్తారు. ఇక్కడ జాంబీ ఒక్కటీ రాదు. అయినా గుండె దడదడలాడేది ఇక్కడే.

ఎంచుకోవడానికి ఇచ్చే వ్యవధి కొన్ని క్షణాలే. తెర అడుగున ఒక గీత కుంచించుకుపోతూ ఉంటుంది. అది అయిపోయేలోగా నోరు విప్పకపోతే మౌనమే జవాబవుతుంది, దాన్నీ ఎదుటివాళ్ళు గుర్తుపెట్టుకుంటారు. తెర మూల చిన్న అక్షరాలతో ఆ మాట కనిపిస్తుంది కూడా: క్లెమెంటైన్ ఇది గుర్తుపెట్టుకుంటుంది. భాగం ముగిశాక, ఆడినవాళ్ళలో నూటికి ఎందరు మనలాగే చేశారో చూపిస్తారు.

ఆ భాగంలోనే లారీ గుండెపోటుతో కూలిపోతాడు. చచ్చిపోతే లేచి కరుస్తాడు, ముందే తల పగలగొడదాం అంటాడు గుంపులోని కెన్నీ. బతికించుకుందాం అంటుంది కూతురు లిల్లీ. ఆటగాడు ఎవరి పక్షాన నిలిచినా లారీ దక్కడు. ఇది మోసమని కొందరు విమర్శించారు. ఆ విమర్శలో పస లేదు. ముసలాయన పోవడం మారదు గానీ, ఆ తర్వాత లిల్లీ, కెన్నీ లీతో మాట్లాడే తీరు మారుతుంది. బేతాళుడూ ఎలాగూ చెట్టెక్కుతాడు, విక్రమార్కుడి జవాబు మాత్రం నిలుస్తుంది. చివర్లో దారిలో ఎవరిదో కారు, నిండా తిండి. ఇది వేరేవాళ్ళదైతే ఎలా అని క్లెమెంటైన్ అడుగుతుంది. లీ వద్దన్నా మిగతావాళ్ళు దోచుకుంటారు. ఐదో భాగంలో ఆ కారు సొంతదారు లీ ఎదురుగా కూర్చుని, చేసిన పనులన్నీ ఒక్కొక్కటే అడుగుతాడు.

ఆ ఆట తర్వాత జాంబీల కథ ఒక దారిన సాగలేదు. 2013 మేలో 'గో గోవా గాన్' వచ్చింది. హిందీ తెర మీద జాంబీలతో నవ్వించిన దర్శకద్వయంలో రాజ్ నిడిమోరుది తిరుపతి, కృష్ణ డీకేది చిత్తూరు. ఇద్దరూ తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో ఇంజినీరింగ్ చదివారు. 2021 ఫిబ్రవరిలో ప్రశాంత్ వర్మ 'జాంబీ రెడ్డి'తో శవాలను కర్నూలు ఫ్యాక్షన్ గొడవల్లోకి దించాడు. అందులో హీరో వీడియో గేమ్ తయారుచేసేవాడు కావడం ముచ్చటైన సంగతి. టెల్‌టేల్ మాత్రం 2018 సెప్టెంబరులో, చివరి సీజన్ సగంలో ఉండగానే కూలింది. స్కైబౌండ్ గేమ్స్ మిగిలిన భాగాలు పూర్తిచేసి 2019 మార్చిలో ముగింపు ఇచ్చింది. అప్పటికి క్లెమెంటైన్ పెద్దదై, ఏజే అనే చిన్న పిల్లాణ్ణి పెంచుతోంది. తను నేర్పినదాన్ని బట్టి వాడు నిర్ణయాలు తీసుకుంటాడు.

ఈ ఆట ఫోన్లోకీ వచ్చింది. పుంగనూరులోనో కుప్పంలోనో ఒక కుర్రాడు ఆడాలంటే కంప్యూటర్ కొనే అవసరం లేకుండా పోయింది. అయితే మాటలన్నీ ఇంగ్లిషే. వాక్యం చదివి అర్థం చేసుకునేలోగా గీత అయిపోతుంది, వాడు ఎంచుకోని మౌనం వాడి జవాబుగా నమోదవుతుంది. సీమ మాటలతో, సీమ మనుషులతో ఇలాంటి ఆట రావాలి. కథ కోసం అమెరికా దాకా పోనక్కర్లేదు. 1791 డిసెంబరు, గుర్రంకొండ ఎగువ కోట, గాదెలో తరుగుతున్న గింజలు, కింద నిజాం డేరాలు. ఫతే హైదర్ వస్తాడని లోపల ఎవరికీ తెలియదు.