ఫతే మైదాన్: విజయం ఎవరిది?

హైదరాబాద్ నడిబొడ్డున, బషీర్‌బాగ్‌లోని లాల్ బహదూర్ శాస్త్రి స్టేడియానికి పాత పేరు ఫతే మైదాన్. ఫతే అంటే విజయం. 1687లో గోల్కొండను దాదాపు ఎనిమిది నెలలు ముట్టడించిన ఔరంగజేబు సేనలు ఇక్కడ విడిది చేశాయనీ, కోట పడ్డాక ఆ పేరు స్థిరపడిందనీ చెబుతారు. ఆ కోట ఫిరంగులకు లొంగలేదు. లోపలివాడు తలుపు తీస్తే పడింది.

నిజాముల కాలంలో పోలో ఆడిన ఈ నేల 1955 నవంబరులో టెస్టు క్రికెట్‌కు వేదికైంది. న్యూజిలాండ్‌పై పాలీ ఉమ్రీగర్ చేసిన 223, భారత టెస్టు చరిత్రలో తొలి డబుల్ సెంచరీ. 2005 నాటికి అంతర్జాతీయ క్రికెట్ ఉప్పల్‌కు తరలిపోయింది. రాజకీయం మాత్రం మిగిలింది.

1983 జనవరి 9న ఎన్టీఆర్ రాజ్‌భవన్ దర్బారును కాదని ఇక్కడ జనం ఎదుట ప్రమాణం చేశారు. 2004లో వైఎస్ ఉచిత విద్యుత్ ఫైలుపై, 2023లో రేవంత్‌రెడ్డి ఆరు గ్యారంటీల ఫైలుపై ఇక్కడే సంతకం చేశారు.

1984 ఆగస్టులో ఎన్టీఆర్‌ను గద్దె దించినప్పుడూ తలుపు లోపలినుంచే తెరుచుకుంది. కానీ గోల్కొండకు దక్కని అండ ఆయనకు దక్కింది: జనం వీధుల్లోకి వచ్చారు, నెలకే ఆయనను తిరిగి కూర్చోబెట్టారు. 1995లో అదే తలుపు మళ్లీ తెరుచుకుంది. ఈసారి జనం కదలలేదు.

మైదానంలో ప్రమాణం చేయడమంటే జనాన్ని సాక్షులుగా పిలవడం. సాక్షి అడగడం మానిన రోజున అక్కడ మిగిలేది ప్రేక్షకుడే. అప్పుడు ఫతే ఎప్పటిలాగే గెలిచినవాడిదే.