యాజలి సుబ్బారావుగారి సంఖ్యాశాస్త్రకృషి

 

గుంటూరుసీమ యనినంతనే పత్తియు, మిరపయు, పొగాకును లోకులకు స్ఫురించును. ఈ పంటల పట్టికకెక్కని ఫలమొకటి కలదు. బాపట్ల ప్రాంతమునందలి యాజలి గ్రామమున 1921 మే 4వ తేదీని జన్మించిన మతుకుమల్లి వెంకట సుబ్బారావుగారు సంఖ్యాశాస్త్రమున లేవనెత్తిన ప్రశ్నలు ఖండాంతర పండితులకును నిదుర లేకుండ జేసినవి. సినిమానటుల జన్మదినములను కంఠస్థము చేయు మన బాలురలో ఈ పేరు విన్నవారు మిక్కిలి తక్కువ.

వారు 1941లో మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలనుండి ఉన్నతపట్టమును బడసి, పిదప వైద్యనాథస్వామిగారి శిష్యులై ఫంక్షనల్ అనాలిసిస్ అను శాఖయందు డాక్టరు బిరుదమునందిరి. ప్రెసిడెన్సీ కళాశాలయందును, తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయమునందును, అమెరికాలోని మిస్సోరీయందును బోధించి, 1963లో కెనడాదేశపు ఆల్బెర్టా విశ్వవిద్యాలయమును చేరిరి. ఎడ్మంటన్ నగరమే తుదివఱకు వారి నివాసమయ్యెను.

వారి మనస్సును చిరకాలము పట్టియుంచినది విభజనసంఖ్యల సమస్య. రైతొకఁడు నాలుగు మిరపబస్తాలను కుప్పలుగా పేర్చఁదలఁచెననుకొందము. నాలుగును ఒకచోటనే యుంచవచ్చును, మూఁడు, ఒకటి, రెండు, రెండు, రెండు, ఒకటి, ఒకటి, లేదా వేఱువేఱుగా నాలుగు. మొత్తము 5 విధములు. బస్తాలు నూఱైనచో విధములు 19,05,69,292! శ్రీనివాస రామానుజన్‌గారును హార్డీ పండితుఁడును 1918లో ఈ సంఖ్యల పెరుఁగుదలకు విశ్లేషణమార్గమున సూత్రము కనుఁగొనిరి. అంతేకాక 4, 9, 14 మొదలగు సంఖ్యల విభజనలు ఎల్లప్పుడును 5చే భాగింపఁబడునని రామానుజన్‌గారు చూపిరి. 7కును 11కును గూడ అట్టి నియమములు దొరకినవి.

పసిపిల్లలెఱిఁగిన 2 మాత్రము లొంగలేదు. 3 మొదలు 7 వఱకు గల విభజనసంఖ్యలన్నియు బేసి. 8 మొదలు 11 వఱకు గలవన్నియు సరి. పిదప మరల బేసి. క్రమమే కానరాదు. సరిసంఖ్యలును బేసిసంఖ్యలును అనంతముగా వచ్చునని కోల్బెర్గ్ అను నార్వే పండితుఁడు 1959లో నిరూపించెను. సుబ్బారావుగారు 1966లో మఱియొక యడుగు ముందుకు వేసిరి. ఏ అంకశ్రేఢిని గైకొన్నను, అనఁగా 7చే భాగింప 3 శేషించు 3, 10, 17 వంటి వరుస నేదియైనను, అందు సరి విభజనలును బేసి విభజనలును అంతులేకుండ వచ్చునని వారూహించిరి. వినుటకు తేలిక, నిరూపించుటకు నలువదియాఱేండ్లు పట్టినది. సరిసంఖ్యల భాగమును కెన్ ఓనో 1996లో సాధించెను. బేసి విషయమున, అట్టి సంఖ్య ఒక్కటి యున్నచో అనంతముగా నుండునని చూపెను. ఆ యొక్కటి తప్పక యుండునని 2012లో సిల్వియు రాడు నిరూపించి సమస్యను ముగించెను. సుబ్బారావుగారు 2006 ఫిబ్రవరి 15వ తేదీనే దివంగతులైరి. సగము విజయమే వారి కంటఁబడెను.

ఇచ్చట పోషకమహాశయులకు ఒక విన్నపము. ఈ విద్యకు యంత్రశాలలక్కఱలేదు. కాగితము, తీరిక, భుక్తికి చింతలేకుండుట చాలును. మన దాతల విద్యార్థివేతనములు చాలవఱకు వైద్యమునకును ఇంజనీరింగునకునే పోవుచున్నవి. గణితము చదువఁగోరు బాలుని "దానివలన కూడు వచ్చునా?" యని అడుగకుండ పంపినవారు మనలో నెందఱు?

గురుఋణమును వారు తీర్చుకొన్న విధము ముచ్చటైనది. వైద్యనాథస్వామిగారు 1931లో ఒక ప్రత్యేకజాతి భాజకములను ప్రవేశపెట్టిరి. 60ని 4చే భాగించిన లబ్ధము 15. ఆ రెంటికిని 1 తప్ప సామాన్యభాజకము లేదు గనుక 4 గ్రాహ్యము. 2చే భాగించిన 30 వచ్చును. అందు 2 మరల నున్నది గనుక 2 త్యాజ్యము. ఇట్లు నిలిచిన 1, 3, 4, 5, 12, 15, 20 కూడినచో సరిగా 60 యగును! ఇట్టి పూర్ణసంఖ్యలను గూర్చి సుబ్బారావుగారు వారెన్ అను సహచరునితోఁ గూడి 1966లో వ్యాసము ప్రకటించిరి. అందు చూపినవి 6, 60, 90, 87,360. బేసిసంఖ్య యేదియు ఇట్లుండఁజాలదని కూడ తేల్చిరి. వాల్ అను నాతఁడు 1975లో ప్రకటించిన అయిదవదానికి 24 అంకెలు గలవు. ఇట్టివి పరిమితముగనే యుండునని సుబ్బారావుగారి యూహ. ఆఱవది నేఁటికిని ఎవ్వరికిని దొరకలేదు. లేదని నిరూపించినవారును లేరు.