ఆలివ్ రిడ్లే తాబేలు: ఆంధ్ర తీరం

బంగాళాఖాతంలో ఎక్కువగా కనిపించే సముద్ర తాబేలు ఆలివ్ రిడ్లే. చలికాలం ముగిసే వేళ ఆడ తాబేళ్లు శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ఇసుక తీరాలకు రాత్రిపూట వచ్చి, గుంట తవ్వి, సుమారు నూరేసి గుడ్లు పెట్టి వెళ్తాయి. కాకినాడ దగ్గరి హోప్ ఐలాండ్ ఇవి గుడ్లు పెట్టే చోట్లలో ఒకటి. ఒడిశాలోని గహిర్‌మథా, రుషికుల్య తీరాలకు ఇవి లక్షల సంఖ్యలో చేరతాయి.

సముద్రంలో పాత్ర

పీతలు, రొయ్యలు, నత్తలు, జెల్లీ చేపలు దీని ఆహారం. దీని గుడ్లూ పిల్లలూ పక్షులకు, పీతలకు, నక్కలకు, చేపలకు మేత. పిల్లలు కాని గుడ్లు ఇసుకలోనే కుళ్లి ఎరువవుతాయి. ఫ్లోరిడాలో లాగర్‌హెడ్ తాబేళ్ల గూళ్లను పరిశీలించినవారు, ఈ సారం ఇసుక దిబ్బల మీది మొక్కలకు అందుతుందని గుర్తించారు. ఆ మొక్కల వేళ్లే దిబ్బను గాలికి, అలకు చెదరకుండా పట్టి ఉంచుతాయి.

ఒక జీవి తగ్గితే

ఉత్తర పసిఫిక్‌లో 18, 19 శతాబ్దాల్లో బొచ్చు కోసం సముద్రపు నీటికుక్కలను వేటాడారు. అవి తినే సీ అర్చిన్‌లు అనే ముళ్ల జీవులు అడ్డులేకుండా పెరిగి, చేపలకు నీడనిచ్చే కెల్ప్ నాచు వనాలను మేసేశాయి. 1911 ఒప్పందంతో వేట ఆగింది. నీటికుక్కలు తిరిగొచ్చిన చోట్ల నాచూ తిరిగొచ్చింది. జాతి పూర్తిగా అంతరించేదాకా నష్టం వేచి ఉండదు. సంఖ్య పలచబడి, తన పని తాను చేయలేని నాడే అది మొదలవుతుంది.

ముప్పు, రక్షణ

తాబేలు ఊపిరి కోసం నీటిపైకి రావాలి. మరబోట్ల ట్రాల్ వలలో చిక్కితే పైకి రాలేక చనిపోతుంది. పిల్లల్లో బతికి పెద్దయ్యేవి బహు కొద్ది కనుక, పెద్ద తాబేలు పోతే ఆ లోటు తీరడానికి ఏళ్లు పడుతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దీన్ని మొదటి షెడ్యూలులో చేర్చి కాపాడుతోంది. వలకు ఏటవాలు ఊచల చట్రం బిగిస్తే రొయ్యలు లోపలికి పోతాయి, తాబేలు బయటపడుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు తగిన చట్రాన్ని రూపొందించింది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్ల చేపల వేటపై నిషేధం ఉన్నా, గుడ్లు పెట్టే కాలం చాలావరకు అంతకుముందే గడిచిపోతుంది. అందుకే గుడ్లు పెట్టే నెలల్లో ప్రతి ట్రాల్ వలకూ ఈ చట్రం ఉండాలి.