చెప్పుకోవలసిన చెప్పుల కథ

నలభై దాటిన ఆడవాళ్ళకి డాక్టర్లు చెప్పే మాట ఒకటే: "రోజూ నడవండమ్మా." మోకాలు నొప్పి అని వెళ్ళినా, నిద్ర పట్టడం లేదని వెళ్ళినా, చీటీ చివర ఆ మాట ఉండనే ఉంటుంది. నాకూ రాసిచ్చారు. మర్నాడే వెళ్ళి నడకకోసమని ఒక జత బూట్లు కొన్నాను. షాపులో కుర్రాడు నా ముఖం చూసి "మీ సైజు ఆరండీ" అన్నాడు. కాళ్ళు చూసి అనలేదు, ముఖం చూసే అన్నాడు. నేనూ అవునేమో అనుకున్నాను. వారం తిరిగేసరికి చిటికెన వేలు బొబ్బలెక్కింది. పదోరోజుకి మడమ పట్టేసింది. మావారు కాఫీ తాగుతూ, "డాక్టరుగారు నడవమన్నారు గాని కుంటమన్నారా?" అని అడిగారు.

మా బోథ్ నడకకి మంచి ఊరే. పొచ్చెర జలపాతం చూడ్డానికి వచ్చినవాళ్ళకి మా ఊరి పేరు తెలిసే ఉంటుంది. తెల్లవారుజామున రోడ్డు పట్టుకుని పోతే రెండు పక్కలా పత్తి చేలు, చల్లగాలి. కాకపోతే రోడ్డు దిగామా, కింద ఉన్నది నల్లరేగడి. వానాకాలం నాలుగడుగులు వేస్తే చెప్పు కింద ఇంకో చెప్పు తయారవుతుంది. అప్పుడు చెప్పులు కాళ్ళకి కాదు, చేతులకే. ఎండాకాలం అదే నేల నెర్రెలు విచ్చి, అంచులు గట్టిపడి రాయిలా గుచ్చుతుంది. పత్తి పీకేసిన చోట మోళ్ళు, జొన్న కోసిన చోట కొయ్యలు, గట్ల మీద తుమ్మముళ్ళు.

మా బాపమ్మ ఈ నేల మీద జన్మంతా వట్టికాళ్ళతో తిరిగింది. ఆఖరి పదేళ్ళలోనే చెప్పులు తొడిగింది, అవీ రబ్బరు చెప్పులు. "ఆడిదానికి చెప్పులేందే?" అనేది. మా తాతకి మాత్రం కిర్రుచెప్పులుండేవి. ఆయన సందు మొదట్లో ఉండగానే ఆ కిర్రు విని కోడళ్ళు కొంగులు సర్దుకునేవారట. అంటే ఆ చెప్పులు కాళ్ళకోసమే కాదు, పెద్దరికం కోసం కూడా అన్నమాట.

కాని పురాణం అడిగితే చెప్పులు పుట్టింది ఆడదానికోసమే. మహాభారతం అనుశాసనిక పర్వంలో ధర్మరాజు భీష్ముణ్ణి అడుగుతాడు: శ్రాద్ధాలప్పుడు గొడుగూ చెప్పులూ దానమిస్తారే, ఈ ఆచారం ఎలా వచ్చిందని. భీష్ముడు జమదగ్ని కథ చెబుతాడు. జమదగ్ని సరదాగా బాణాలు వేస్తుంటే భార్య రేణుక పరుగెత్తి ఏరి తెస్తోంది. జ్యేష్ఠమాసం, మిట్టమధ్యాహ్నం. ఆవిడకి తల మాడి, కాళ్ళు కాలి, కాసేపు చెట్టు నీడన నిలబడింది. ఆలస్యమెందుకైందని భర్త కోపగించుకున్నాడు. కారణం తెలిశాక ఆ కోపం సూర్యుడి మీదికి మళ్ళింది. సూర్యుడు బ్రాహ్మణ వేషంలో దిగివచ్చి, శాంతించమని వేడుకుని, తలకి గొడుగు, కాళ్ళకి తోలుచెప్పులు ఇచ్చి పోయాడు. ఆ రేణుకే మనం కొలిచే ఎల్లమ్మ తల్లి. ఆమె కాళ్ళు కాలితే దేవుడు చెప్పులిచ్చాడు. ఆమెకి బోనమెత్తే ఆడవాళ్ళకి, ఆ చెప్పులు కుట్టే కులానికి మాత్రం అవి చేరడానికి ఎన్ని యుగాలు పట్టిందో చూడండి.

ఈ సంగతి నాకు పుస్తకాల్లో కంటే ముందు మా అంగడిలో తెలిసింది. అంగడి మూల గొడుగు కింద కూర్చుని చెప్పులు కుట్టే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. ఎనభై దాటాయి. కొత్తగా కుట్టడం ఎప్పుడో మానేశాడు. తెగినవి కుడతాడు, అరిగినవి అతుకుతాడు. నా కొత్త బూట్లు తీసుకెళ్ళి, "కొంచెం సాగదీసి ఇస్తావా పెద్దయ్యా?" అన్నాను. ఆయన బూటు చూశాడు, నా కాలు చూశాడు.

"ఇవి సాగదీస్తే కావు బిడ్డా. నీ కాలు ముందల వెడల్పు, మడిమె సన్నం. గీ బూటుకు ముందలనే మూతి సన్నం. కాయిదం మీద కాలు వెట్టు. కూసోని కాదు, నిలవడు. బరువు పడితెనే కాలు పరుసుకుంటది."

రెండు కాళ్ళకీ చుట్టూ పెన్సిలుతో గీత గీశాడు. నా కుడికాలు ఎడమదానికంటే ఒక పిసరు పెద్దదని ఇన్నేళ్ళకి తెలిసింది. "పెద్దకాలుకే కొను. పొద్దుమూకి పో దుకానానికి. దినమంత తిరిగిన కాలు ఉబ్బి ఉంటది. బూటు లోపలి అట్ట తీసి ఈ గీత మీద వెట్టి సూడు. గీత బయటికి కనవడితే, ఎంత రంగున్నా ముట్టకు."

అడిగితే పాత పనంతా చెప్పాడు. పచ్చితోలుని సున్నంలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, లందలో తంగేడు చెక్క, కరక్కాయ రసంలో వారాల తరబడి ఊరెయ్యాలి. ఆరె, రంపె, గూటం – ఇవే పనిముట్లు. అడుగుకి బర్రెతోలు పొరలు పొరలుగా. కొత్త చెప్పు పది రోజులు కరుస్తుంది. రాత్రి ఆముదం పట్టించి పెడితే మెల్లిగా ఆ మనిషి కాలు పోలిక తెచ్చుకుంటుంది. తంగేడు పువ్వు బతుకమ్మ పళ్ళెంలో నడిమింట్లో కూర్చుంటే, అదే తంగేడు చెక్క ఊరవతల లందలో ఊరిందన్నమాట. చెట్టు ఒకటే, దారులు రెండు.

కూలి డబ్బుగా వచ్చేది కాదు. చెప్పులకీ, ఎడ్ల వార్లకీ, మోటకి తోలు తొండానికీ అన్నిటికీ కలిపి పంటలప్పుడు కళ్ళంలో ఇన్ని జొన్నలు.

"మరి మీరెలాంటి చెప్పులు వేసుకునేవారు?" అని అడిగాను.

ఆయన నవ్వాడు. "కుట్టినం గని తొడుక్కోలె బిడ్డా. మీ తాత చెప్పులు ఇయ్య వచ్చినప్పుడు గూడ నా కాళ్ళవి ఊరవతల్నే విడిచి వచ్చేది. మీ వాకిట్ల చెప్పుల్తోని ఎన్నడు నిలవడలె."

కోపంగా చెప్పలేదు. కిందటేడు వానల సంగతి చెప్పినట్టు చెప్పాడు. నేను రాసిన నవలల్లో రెండిటిలో మా తాత పోలికతో పాత్రలున్నాయి. రెండింటిలోనూ ఆయన ఊరికి పెద్దదిక్కు, ధర్మాత్ముడు. అదేమీ అబద్ధం కాదు. కాని ఆ వాకిట్లో వట్టికాళ్ళతో నిలబడిన మనిషిని నేను ఒక్క పేజీలోనూ రాయలేదు.

ఇంటికొచ్చి చరిత్ర పుస్తకాలు తిరగేశాను. చెప్పులు విప్పడం మీద పెద్దలే ఎంత కొట్లాడుకున్నారో! హైదరాబాదు దర్బారులో బ్రిటిషు రెసిడెంటు కూడా బూట్లు విప్పి కింద కూర్చోవలసిందే. 1869లో అఫ్జలుద్దౌలా పోయి, మూడేళ్ళు నిండని మహబూబ్ అలీఖాన్ గద్దె ఎక్కినప్పుడు రెసిడెంటు సాండర్స్ నేను బూట్లు విప్పను, కుర్చీలోనే కూర్చుంటానన్నాడు. పసివాడి దర్బారులో ఆయన మాట నెగ్గింది. బూట్లు విప్పితే తెల్లదొర పరువు పోతుందని ఒక సామ్రాజ్యమే పట్టుబట్టిందంటే, చెప్పు అంటే కాలికి రక్షణ మాత్రమే కాదని అందరికీ తెలుసన్నమాట.

పెద్దల పేచీ అలా ఒక్కరోజులో తేలిపోయింది. పల్లెల్లో మాత్రం గడీ ముందునుంచి పోయేవాడు చెప్పులు చేతపట్టుకుని పోవలసిందే. చెప్పులు కుట్టేవాళ్ళు దొరలకీ, పటేళ్ళకీ వెట్టిగా కుట్టి ఇవ్వవలసిందే. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ పోరాటంలో భూమితోపాటు ఈ వెట్టి కూడా పెద్ద కారణం. 1950లో వచ్చిన రాజ్యాంగం 17వ అధికరణంలో అంటరానితనాన్ని, 23వ అధికరణంలో వెట్టిని నిషేధించింది. 1955లో అంటరానితనం నేరమంటూ చట్టం వచ్చింది. 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. అయినా చాల్లేదు. 2015లో ఆ చట్టాన్ని సవరించినప్పుడు, దళితులూ గిరిజనులూ నలుగురిలో చెప్పులు తొడుక్కోకుండా అడ్డుకోవడం నేరమని, చెప్పుల పేరెత్తి మరీ రాయవలసి వచ్చింది. 2015! నేను అప్పటికే రెండు జతల శాండల్సు పాతబడ్డాయని పారేసి ఉంటాను.

అలాగని వట్టికాళ్ళ నడక అంతా అవమానం కాదు. మా జిల్లాలోనే కేస్లాపూర్ నాగోబా ఉన్నాడు. పుష్యమాసపు అమావాస్య పూజకోసం మెస్రం వంశపు గోండులు ఝరి పట్టుకుని రోజుల తరబడి నడిచి, జన్నారం దగ్గర హస్తినమడుగులో గోదావరి నీళ్ళు తెస్తారు. ఆ నడకంతా వట్టికాళ్ళతోనే. వాళ్ళ ముఖాల్లో ఎంత వెలుగుంటుందో చూస్తేనే తెలుస్తుంది. గుడి ముందు మనమూ విప్పుతాం, ఎవరికీ కష్టం తోచదు. విప్పడం వేరు, విప్పించడం వేరు. ఈ చిన్న తేడా అర్థం కావడానికి నాకు ఒక బొబ్బ కావలసి వచ్చింది.

ఇంక నా కాగితం సంగతి. మనం ఆరు, ఏడు అనుకునే సైజులు ఇంగ్లీషువాళ్ళ లెక్క. ఒక అంకెకీ ఇంకో అంకెకీ తేడా ఒక యవగింజంత, అంటే అంగుళంలో మూడోవంతు. అదైనా పొడుగు లెక్కే, వెడల్పు ఊసు లేదు. మద్రాసులో 1948లో పెట్టిన కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థవారు 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశంలో 79 చోట్ల, లక్షమందికి పైగా జనం పాదాలు కొలిచారు. తేలిందేమిటంటే, మన పాదాలు ఐరోపా, అమెరికావాళ్ళ పాదాలకంటే వెడల్పు. వాళ్ళ లెక్కతో కొన్న బూట్లు మనవాళ్ళకి బిగుతవుతున్నాయి, లేదా వెడల్పుకోసం పెద్దసైజు కొని పొడుగులో జారిపోతున్నాయి. మనకంటూ వేరే కొలతలు ఉండాలని, వాటికి భారత్‌లోని మొదటి అక్షరం తీసి 'భా' అని పేరు సూచించారు. మా అంగడి పెద్దయ్య పెన్సిలు ముక్కతో తేల్చిన సంగతే!

మెత్తని చెప్పుల కథ కూడా విచిత్రమైనదే. షుగరు ఉన్నవాళ్ళకి డాక్టర్లు రాసిచ్చే ఎం.సి.ఆర్. చెప్పులు మీరు చూసే ఉంటారు. ఆ మెత్తని రబ్బరు అడుగుని 1950ల్లో వెల్లూరు ప్రాంతంలో డాక్టరు పాల్ బ్రాండ్, ఆయన సహచరులు కుష్ఠురోగుల కోసం వాడుకలోకి తెచ్చారు. స్పర్శ తెలియని పాదానికి రాయి గుచ్చినా తెలియదు గనక బరువు ఒకేచోట పడకుండా చూడాలని. ఊరు వెలివేసినవాళ్ళకోసం చేసిన చెప్పు ఇవాళ ఊరందరికీ పనికొస్తోంది.

రబ్బరు చెప్పులూ టైరు చెప్పులూ వచ్చాక బోథ్ అంగడిలో కులం అడగకుండా, రూపాయలిచ్చిన ప్రతివాడికీ చెప్పు దొరికింది. మా బాపమ్మ కాళ్ళకీ అదే దొరికింది. పెద్దయ్య చేతిపని పోయిందీ వాటివల్లనే. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకుంది కాలం. అయితే ఒక మాట: రబ్బరు చెప్పు పెరటిదాకా సరే గాని రోజూ మూడు నాలుగు మైళ్ళ నడకకి పనికిరాదు. మడమని పట్టుకోదు. అది జారిపోకుండా వేళ్ళు బిగించి నడుస్తాం, నొప్పి మడమకి పోతుంది.

ఒకరోజు పొద్దుగూకే వేళకి కాగితం మడిచి పట్టుకుని ఆదిలాబాదు వెళ్ళాను. షాపు కుర్రాడు కాగితం చూసి నవ్వాడు. ఆడవాళ్ళ బూట్లు ఐదు జతలు తెచ్చాడు. అన్నీ గులాబీ రంగు, అన్నీ మూతి సన్నం. అట్టలు తీసి కాగితం మీద పెడితే ఐదింటికీ గీత బయటే ఉంది. ఆరోది కుదిరింది. ముందు బొటనవేలు వెడల్పంత చోటు మిగిలింది. మడమ జారలేదు. వేళ్ళు వంగే చోటే బూటు కూడా వంగింది. షాపులోనే పది నిమిషాలు అటూ ఇటూ నడిచాను. "అవి మగవాళ్ళవి మేడమ్" అన్నాడు. "కాళ్ళకి ఆ సంగతి తెలియదులే బాబూ" అన్నాను. ఇంట్లో మావారు ఒకసారి తొడిగి చూసుకుని, బిగుతని తెలిశాక నిట్టూర్చి ఊరుకున్నారు.

ఇప్పుడు హాయిగా నడుస్తున్నాను. మడమ నెమ్మదించింది. అప్పుడప్పుడు పెద్దయ్య మా ఇంటికి వస్తాడు, కబుర్లు చెబుతాడు, చాయ్ తాగుతాడు. ఆయన కాళ్ళకి ఇప్పుడు మంచి తోలుచెప్పులున్నాయి, మనవడు కొనిచ్చినవి. అందరం అరుగు మెట్ల దగ్గర చెప్పులు విడుస్తాం. ఆయన గేటు బయటే విడిచి వస్తాడు. "మెట్ల దాకా రా పెద్దయ్యా, ఎండకి కాళ్ళు కాలుతాయి" అంటే, "అలవాటు బిడ్డా" అంటాడు.

గేటుకీ మెట్లకీ మధ్య ఉన్నది పది అడుగులు. నా బూట్లు ఎంత మెత్తగా ఉన్నా, ఆ పది అడుగులు ఎలా నడవాలో నాకింకా తెలియలేదు.