మోడల్‌కి వాయుగుండం దొరుకుతుంది, వాన పడే వీధి దొరకదు

అమెరికాలో మనవాళ్లు "అడుగు మంచు అన్నారు, అంగుళమే పడింది" అంటుంటారు. సికింద్రాబాద్‌లో మంచు పడదు కానీ ప్రశ్న ఒకటే: హఠాత్తుగా వచ్చే కుండపోతను మోడల్ ఎంతవరకు చెప్పగలదు?

ముందు 1908 సెప్టెంబరు 28కి వెళ్దాం. మూసీ వరదలో దాదాపు 15 వేల మంది పోయారని అంచనా. తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య లెక్కలు తీశారు. శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాలు, అంటే 325 మిల్లీమీటర్లు. పైన 788 చెరువులుంటే 221 తెగిపోయాయి. పడిన వానని కొలవడం అప్పటికే తెలుసు. పడబోయే వానని లెక్కగట్టడమే తెలీదు.

ఆ లెక్కని చేత్తో చేసి చూసినవాడు ఇంగ్లండ్‌కి చెందిన రిచర్డ్‌సన్. ఆరు గంటల్లో పీడనం 145 హెక్టోపాస్కల్స్ మారుతుందని వచ్చింది. నిజంగా దాదాపు ఏమీ మారలేదు! అయినా 1922లో దాన్ని పుస్తకంగా వేశాడు. 1950లో ఎనియాక్ కంప్యూటర్ అదే దారిలో నడిచింది. మన దేశంలో ఈ పనికోసమే 1988లో జాతీయ మధ్యకాలిక వాతావరణ అంచనా కేంద్రం పెట్టారు.

ఇప్పుడు అసలు విషయం. మోడల్ భూమిని గళ్లుగా కోస్తుంది. 12 కిలోమీటర్ల గడి అంటే సికింద్రాబాద్ స్టేషన్, చార్మినార్ రెండూ ఒకే గడిలో పట్టేస్తాయి. ఉరుముల మేఘం అంతకంటే చిన్నదిగా ఉండొచ్చు. అప్పుడు మోడల్ దాన్ని నేరుగా చూడలేదు, ఉజ్జాయింపు వేస్తుంది. గడి సైజు సగం చేస్తే గళ్లు నాలుగు రెట్లు, టైమ్ స్టెప్ కూడా తగ్గించాలి కాబట్టి లెక్క సుమారు ఎనిమిది రెట్లు. 2025 మేలో వచ్చిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ 6 కిలోమీటర్లకి దిగింది.

2020 అక్టోబరు 13 చూడండి. వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటింది. తెలంగాణకి అతి భారీ వర్షాల హెచ్చరిక ముందే వచ్చింది. అంటే మోడళ్లు పెద్ద బొమ్మని పట్టుకున్నాయి. కానీ బేగంపేటలో 19 సెంటీమీటర్లు పడితే, ఘట్‌కేసర్ వైపు 32 పడింది. ఏ కాలనీకి ఎంత అన్నది ముందురోజు చెప్పడం కష్టం. చివరి రెండు మూడు గంటల్లో మనకి దిక్కు డాప్లర్ రాడారే.

ఆ రాత్రి పల్లె చెరువు కట్ట తెగింది. 112 ఏళ్ల తర్వాత కూడా మళ్లీ చెరువే! ఆకాశం సంగతి మోడల్ చూస్తుంది, కట్ట బలం, నాలా వెడల్పు అది చూడదు. అందుకే "మీ ఏరియాలో" అని రాలేదని నిశ్చింతగా ఉండకండి. జిల్లాకి రెడ్ అలర్ట్ వస్తే, పల్లంలో ఉన్నవాళ్లు అది తమకే అనుకోవాలి. సెల్లార్‌లోంచి బండి, వాచ్‌మన్ కుటుంబం, రెండూ ముందే పైకి రావాలి.

మళ్లీ కలుద్దాం.